అనంతగిరిలో కాళ్లు లేని కప్ప చుట్టం

డార్జిలింగ్ కొండల సాలమాండర్ ఫొటో చూసినప్పటి నుంచి మా పాప దాన్ని చూపించమని ఒకటే గొడవ. చూడ్డానికి బల్లిలా ఉంటుంది గానీ, అది కప్పల చుట్టం, ఉభయచరం. మన దేశంలో హిమాలయాల వైపే ఉంటుంది. గుడ్లు పెట్టే కుంటలు ఎండిపోయి, పూడుకుపోయి అక్కడా తగ్గిపోతోంది. దాని కోసమే 1985లో డార్జిలింగ్ దగ్గరి జోర్‌పోఖ్రిలో చిన్న అభయారణ్యం పెట్టారు.

విశాఖ నుంచి అంత దూరం కుదరక, ఆగస్టులో మన కొండలకే వెళ్లాం. ఇక్కడ సాలమాండర్లు లేవు, కానీ కాళ్లు లేని ఉభయచరం సిసీలియన్ ఉంది. ఒడిశా, ఆంధ్రల తూర్పు కనుమల్లో సుమారు 1,200 మీటర్ల ఎత్తున దొరికిన ఒక కొత్త సిసీలియన్ జాతిని 2013లోనే శాస్త్రవేత్తలు గుర్తించారు.

కిరండూల్ రైల్లో సొరంగాలన్నీ దాటుకుంటూ అరకు చేరాం. రాత్రి దిగిన రిసార్టులో గది శుభ్రం, బొంగు చికెన్ బాగుంది. కానీ తోటంతా ఫ్లడ్‌లైట్లు, అర్ధరాత్రి దాకా డీజే. కప్పల అరుపు ఒక్కటీ వినపడలేదు. ఇలాంటి జీవుల కోసం వెళ్లేవాళ్లు అరకులో బస వద్దని నా మాట.

మర్నాడు అనంతగిరిలో కాఫీ తోట పక్కన ఒక ఇంట్లో దిగాం. వేన్నీళ్లు బకెట్లో తెచ్చిస్తారు, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. అయినా చీకటి, తడి, ఆకుల దిబ్బ, అన్నీ ఉన్నాయి. వాన తగ్గాక ఊరి కుర్రాడు టార్చి పట్టుకుని మమ్మల్ని తోటలోకి తీసుకెళ్లి, కుళ్లిన దుంగ ఒకటి మెల్లగా ఎత్తాడు.

"నాన్నా, వానపాము!" అంది పాప.

"కాదమ్మా, నోరు చూడు," అన్నాడతను.

జానెడు పొడవు, ఊదా రంగు, ఒళ్లంతా ఉంగరాల్లా ముడతలు. కళ్లు బయటికి కనపడవు. నోరు తెరిస్తే దవడలున్నాయి, వానపాముకి ఉండవు కదా. మట్టిలోకి తల దూర్చి, చూస్తుండగానే సగం లోపలికి పోయింది. వానపాములూ చెదలే దాని తిండి. ఆకులూడ్చేసి నేల ఎండబెడితే దానికి బతుకే లేదు.

చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది కాబట్టి ముట్టుకోనివ్వలేదు అతను. దోమల లోషన్ రాసుకున్న చేతులైతే మరీ ప్రమాదం. దుంగ తీసిన చోటే, తీసిన తీరునే తిరిగి పెట్టాడు. అడిగింది మూడొందలే. మేం ఐదొందలిచ్చాం, అదీ తక్కువే అనిపించింది.