డీఈఐ కన్సల్టెంట్లతో మూడేళ్ళు: నలుగురిలో ఎవరి పని ఎలా ఉంది

గుంటూరులో మిర్చి ప్రాసెసింగ్ యూనిట్, విజయవాడ ఆటోనగర్‌లో ప్యాకింగ్ గోడౌన్ ఉన్న కంపెనీకి విజయవాడ బృందం ఒకటి మూడేళ్ళుగా డీఈఐ సలహాలు ఇస్తోంది. వైవిధ్యం, సమానత్వం, అందరికీ చోటు అన్నమాట. ఇలాంటి సంస్థను పెట్టుకునే ముందు అందరూ బ్రోచర్ చూస్తారు, రేటు అడుగుతారు. అడగాల్సింది షెడ్డులోకి దిగే మనిషి ఎవరని. ఈ బృందంలో నలుగురున్నారు, నలుగురి పనీ ఒకేలా లేదు.

ముందు యాక్సెస్ ఆడిట్ చేసే ఆయన, అంటే వికలాంగులు ఇబ్బంది లేకుండా తిరగగలరా అని చూసే మనిషి. వీల్‌చైర్‌లో వస్తారు. చేతిలో టేపు, రసమట్టం. గేటు నుంచి బాత్రూమ్ దాకా తానే వెళ్తారు, కుర్చీ ఎక్కడ ఆగితే అక్కడ సుద్దతో గీత గీస్తారు. ర్యాంప్‌కు ఆయన లెక్క ఒక్కటే: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. 1:12 అని డ్రాయింగ్‌లో రాస్తే తాపీమేస్త్రికి పట్టదు, ఇలా చెబితే వెంటనే పడుతుంది. అరుగు 18 అంగుళాలు, కాబట్టి ర్యాంప్ 18 అడుగులు కావాలి. అప్పటికి ఉన్నది 9 అడుగులే. అది టిక్కీల (మిర్చి బస్తాల) ట్రాలీల కోసం వేసింది. కూలీలైతే వెనక్కి వాలి దించుకుంటారు, కుర్చీలో ఉన్న మనిషి మాత్రం దొర్లిపోతాడు. జాగా చాలకపోతే మధ్యలో మలుపు తిప్పించాలి, మలుపు దగ్గర 5 అడుగుల చదును వదలాలి. తలుపుకు 3 అడుగులంటే గుమ్మం కొలత కాదు, రెక్క తెరిచాక మిగిలే ఖాళీ. పాలిష్ పట్టిన నాపరాయి వద్దన్నారు. కారం పొడి మీద తడి పడితే ఇట్టే జారుతుంది. వినికిడి లేనివాళ్ళు పనిచేసే గ్రైండింగ్ గదిలో ఫైర్ సైరన్‌కు తోడుగా తిరిగే లైటు పెట్టించారు. బాత్రూమ్‌లోనూ అదే లైటు కావాలన్న సంగతి మొదటి నివేదికలో జారిపోయింది, రెండో ఏడు సరిచేశారు.

తర్వాత లాయరు గారు. లైంగిక వేధింపుల నివారణ చట్టం, 2013 కింద వేయాల్సిన అంతర్గత కమిటీలో ఆవిడ బయటి సభ్యురాలు. 10 మంది పనిచేసే చోట కమిటీ తప్పదు. గుంటూరుకు ఒకటి, ఆటోనగర్‌కు ఒకటి వేరువేరుగా ఉండాలని పట్టుబట్టింది ఆవిడే. చాలా కంపెనీలు హెడ్డాఫీసులో ఒకటి వేసి సరిపెట్టేస్తాయి. అధ్యక్షత వహించేది పైస్థాయి మహిళా ఉద్యోగి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్ళు, పదవీకాలం మూడేళ్ళకు మించకూడదు. కాంట్రాక్టు కూలీలకూ ఇదే కమిటీ. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, కారణం ఉంటే మరో మూడు. రాయడం రాని మనిషికి రాసిపెట్టే బాధ్యత కమిటీదే, కాబట్టి "కాగితం తెచ్చుకోమ్మా" అని వెనక్కి పంపడానికి లేదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, తర్వాత 10 రోజుల్లో నివేదిక, 60 రోజుల్లో చర్య. ఆవిడ మొదటి రోజే రిజిస్టర్ మార్పించారు: మినిట్స్‌లో పేర్లుండవు, నంబర్లే, పేర్లు సీలు వేసిన కవర్లో, బీరువా తాళం అధ్యక్షురాలి దగ్గర. పేరు ఒకసారి బయటికి పొక్కిందంటే మళ్ళీ ఏ ఆడమనిషీ నోరు విప్పదు.

లోపం ఈ కమిటీల తరఫున జిల్లా అధికారికి పంపే వార్షిక నివేదికల్లో జరిగింది. 2022లో జిల్లాలు మారాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కిందికి వెళ్ళింది. బృందం ఆఫీసు మాత్రం పాత నమూనాలోనే కృష్ణా జిల్లా అని టైపు చేసి పంపింది. పైగా రెండు యూనిట్లకూ కలిపి ఒకటే. దాన్ని వెనక్కి తీసుకుని విడివిడిగా ఇవ్వాల్సి వచ్చింది. ఇంకో మాట: బయటి సభ్యురాలి ఫీజును కన్సల్టింగ్ బిల్లులో కలపకండి. బిల్లు ఇచ్చే యాజమాన్యం మీదే తీర్పు చెప్పాల్సిన మనిషి ఆవిడ.

బృందం హెడ్ మేడమ్ బలం సర్వే. మొదటిసారి అచ్చు ఫారాలు పంచారు. తొడిమలు తీసే ఆడవాళ్ళలో చదువురాని వాళ్ళు ఫారం తీసుకెళ్ళి మేస్త్రి చేత నింపించుకున్నారు, అన్నిటికీ "బాగుంది" అని వచ్చింది. ఆ లెక్క చించేసి, రెండోసారి డబ్బాలు తెచ్చారు. మూతకు చీలిక ఉన్న రేకు డబ్బా, తెర వెనక పెట్టి, మనిషికి మూడు బిళ్ళలు: ఆకుపచ్చ గుండ్రం, పసుపు చతురస్రం, ఎరుపు ముక్కోణం. రంగులు సరిగా కనపడని వాళ్ళు తడిమి పోల్చుకుంటారని ఆకారాలు కూడా మార్చారు. ప్రశ్న చదివేది మేడమే, ఆ గంట మేస్త్రి షెడ్డు బయట. "బాత్రూమ్‌కు పోవాలంటే ఎవరినైనా అడగాలా?" "నీళ్ళ దగ్గర గ్లాసు అందరికీ ఒకటేనా?" ఇలాంటివి ఎనిమిదే ప్రశ్నలు. 10 మంది కంటే తక్కువ ఉన్న సెక్షన్ ఫలితం విడిగా ఇవ్వరు, ఎవరు వేశారో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి. కిలో లెక్కన కూలి కాబట్టి సర్వేకు, శిక్షణకు పోయిన గంట కూలి విడిగా కట్టించారు. ఇది చాలామందికి తట్టదు, అందుకే మనుషులు సగంలో లేచిపోతుంటారు.

ఉద్యోగాల ఎంపికలోనూ ఆవిడ మాటే పనిచేసింది. దరఖాస్తులో ఇంటిపేరు, ఊరు మూసేసి నంబరు వేస్తారు. మన వైపు ఇంటిపేరు చూస్తే చాలు, కులం తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో "మీరేమిట్లు?" అని ఎవరూ నేరుగా అడగకపోవచ్చు గానీ, "మీ ఊళ్ళో ఇల్లు ఏ వైపు?" అన్నా అదే ప్రశ్న. దాన్ని కూడా అడగకూడని ప్రశ్నల పట్టీలో రాయించారు. 20 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం సమాన అవకాశాల విధానం రాసి, దానికి లైజన్ అధికారిని పెట్టి, రాష్ట్ర కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. ఆ కాగితాలు వాళ్ళు చక్కగా చేశారు.

తేలిపోయింది ట్రైనర్ కుర్రాడే. మంచివాడు, శ్రమపడతాడు. స్లైడ్‌లలో మాత్రం అద్దాల మీటింగ్ రూములు, ఈమెయిల్ మర్యాదలు. కారం మిల్లులో ఈమెయిల్ ఎవరికి? రెండు గంటల క్లాసును 40 నిమిషాలకు కుదించి, 25 మంది బ్యాచ్‌గా, షెడ్డులోనే, తెలుగులో, టీకి ముందు పెట్టాక వింటున్నారు. టీ తర్వాత పెడితే సగం మంది రారు.

రెన్యువల్ అగ్రిమెంట్‌లో వచ్చే మనిషి పేరు, ఏడాదికి ఎన్ని రోజులు షెడ్డులో ఉంటారో రాయించుకోండి. రెండో ఏడు మధ్యలో ఆడిటర్ బదులు జూనియర్ వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు, బిల్లు మాత్రం అంతే వచ్చింది. కమిటీ మూడేళ్ళ గడువు కూడా దగ్గర పడింది. కొత్త ఆర్డరు పాతది ముగిసేలోపే సంతకమై, తెలుగులో గేటు దగ్గర, బాత్రూమ్ గోడ మీద అంటించాలి.