షిమానో ఆర్‌టీ56 180 రోటర్: ముందు చక్రానికి వేస్తే చాలు

ఈ రోటర్ (డిస్క్ బ్రేకులో ప్యాడ్లు పట్టుకునే గుండ్రటి స్టీల్ బిళ్ళ) మీద డబ్బులు పెట్టొచ్చా అంటే, ఘాట్ రోడ్లు దిగేవాళ్ళైతే పెట్టొచ్చు, పొద్దున్నే వైజాగ్ బీచ్ రోడ్డులో ఓ రౌండ్ వేసొచ్చేవాళ్ళకి అనవసరం, ముందే చెప్పేస్తున్నా.

నాది ఎంటీబీ (మౌంటెన్ బైకు), షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ బ్రేకులు, రెండు చక్రాలకీ 160 రోటర్లతోనే (అంటే వ్యాసం 160 మిల్లీమీటర్లు) వచ్చింది. నేనే 90 కిలోలు ఉంటా, సైకిలు బ్యాగు నీళ్ళు అన్నీ కలిపితే 105 దాకా పోతుంది. అరకు నుంచి అనంతగిరి మీదుగా ఎస్.కోట వైపు దిగుతుంటే టైడా వచ్చేసరికి ముందు బ్రేకు దగ్గర కాలిన వాసన, లివర్ గట్టిగా నొక్కినా పైన ఉన్నంత పట్టు లేదు, ఆగి చూస్తే రోటర్ అంచు నీలంగా తిరిగిపోయింది. లెక్కేస్తే ఆశ్చర్యం ఏం లేదులెండి, 105 కిలోలు 500 మీటర్ల ఎత్తు దిగాయంటే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 5 లక్షల జౌల్స్, కొంత గాలికి పోయినా మిగతాదంతా ఆ పల్చటి స్టీల్ బిళ్ళలే మింగాలి. కొత్త రోటర్ మందం 1.8 మిల్లీమీటర్లు, 1.5కి అరిగితే మార్చెయ్యాలి, అంటే ఎంత పల్చనో చూడండి.

అందుకే ముందు చక్రానికి 180 వేయించా. బోరింగ్ హ్యాండిల్ పొడుగుంటే కొట్టడం తేలికైనట్టు, రోటర్ పెద్దదైతే అదే వేళ్ళ బలానికి పట్టు పెరుగుతుంది, 160 నుంచి 180కి దాదాపు ఎనిమిదో వంతు ఎక్కువ. ప్లెయిన్ రోడ్డు మీద ఈ తేడా పెద్దగా తెలీదు, నిజం చెప్పాలంటే. తెలిసేది ఘాట్ చివర్లో. అదే దారిలో మళ్ళీ దిగితే కిందదాకా లివర్ ఒకేలా ఉంది, వాసన లేదు, రెండు వేళ్ళతో పట్టుకునేది ఒక వేలితో సరిపోయింది. అలాగని ఘాట్ మొత్తం బ్రేకు పట్టుకునే దిగితే ఏ సైజైనా కాలుద్ది, మలుపుకి ముందు గట్టిగా పట్టి మళ్ళీ వదిలెయ్యాలి, ఆ గ్యాప్‌లోనే అది చల్లారేది.

వెనక 160 అలాగే ఉంచేశా. బ్రేకు వేయగానే బరువంతా ముందుకొస్తుంది, వెనక చక్రం ఎలాగూ ఊరికే జారుతుంది, దానికి ఇంకా పట్టు ఇచ్చి ఏం చేస్తాం. 60 కిలోల మనిషి, సిటీలో ఆఫీసుకి వెళ్ళొచ్చే సైకిలు అయితే రెండు వైపులా 160 హాయిగా సరిపోద్ది. రోడ్ బైకులు, గ్రావెల్ బైకుల్లో ఫ్లాట్ మౌంట్ (బ్రేకు ఫ్రేముకి అతుక్కున్నట్టు బిగించే రకం) ఉంటే మామూలుగా 140 లేదా 160తోనే సర్దుకోవాలి.

కొనేముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునేది) మాన్యువల్‌లో మ్యాగ్జిమమ్ రోటర్ ఎంతో చూసుకోండి, చాలామంది అస్సలు చూడని విషయం ఇదే. పెద్ద రోటర్ ఫోర్క్ కాలు మీద ఎక్కువ బలం పెడుతుంది, 180 వరకే అని రాసినదానికి 203 బిగిస్తే పోయేది మన పళ్ళే. తర్వాత చక్రం మధ్యలో ఉండే హబ్ చూసుకోండి, రోటర్ ఆరు బోల్టులతో బిగించే సిక్స్ బోల్టా, మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్ లాకా అని (ఆర్‌టీ56 సిక్స్ బోల్ట్). పెద్ద రోటర్‌కి తగ్గట్టు బ్రేకుని బయటికి జరిపే అడాప్టర్ విడిగా కొనాలి, నాది 160 పోస్ట్ మౌంట్ ఫోర్క్ (బ్రేకు బోల్టులు నేరుగా ఫోర్క్‌లోకి దిగే రకం) కాబట్టి 160 నుంచి 180కి మార్చే, ముందు చక్రానికి వేసే అడాప్టర్ కావాలి, మా ఏరియా షాపులో 203ది చేతిలో పెట్టి ఇదే పడుద్ది అన్నాడు, పడదు, ప్యాడ్ రోటర్ అంచుని సగమే పట్టుకుంటుంది. ఇంకోటి, స్రామ్ (ఇంకో బ్రేకుల కంపెనీ) వాళ్ళకి 180 తర్వాతి సైజు 200, షిమానోకి 203, 200 అడాప్టర్‌తో 203 రోటర్ వేయాలంటే సన్న వాషర్లతో సర్దాల్సొస్తుంది.

బిగించడానికి టీ25 టార్క్స్ కీ చాలు, బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ పోవాలి. రోటర్‌ని వేళ్ళతో ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచెయ్యండి. మొదట్లో బ్రేకు సరిగ్గా పట్టదు, కంగారు పడకండి, ఖాళీ రోడ్డులో 25 స్పీడ్ ఎక్కించి నడక స్పీడ్‌కి తేవడం, పూర్తిగా ఆపకుండా, ఇలా ఓ 20 సార్లు చేస్తే దార్లోకొస్తుంది. చినుకు పడితే మాత్రం కీచుమంటుంది, నాది ఇప్పటికీ అంతే, తడి ఆరగానే ఆగిపోద్ది.

అసలు చిరాకు ఏంటంటే ఈ ఆర్‌టీ56 మీదే రెజిన్ ప్యాడ్ ఓన్లీ (మెత్తటి రెజిన్ ప్యాడ్లు మాత్రమే) అని చెక్కి ఉంటుంది, గట్టిగా ఉండే మెటల్ ప్యాడ్లు వేస్తే రోటర్‌ని తొందరగా తినేస్తాయి. వానాకాలం బురదలో తొక్కేవాళ్ళు, మెటల్ ప్యాడ్లు పడే బ్రేకులు ఉన్నవాళ్ళు ఇంకొంచెం డబ్బులేసుకుని ఆర్‌టీ66 తీసుకోండి, దానికి రెండు రకాలూ నడుస్తాయి.