‘ది లంచ్‌బాక్స్’లో తిండి: వంటకాన్ని చదవాలా, డబ్బా ప్రయాణాన్నా?

2013లో వచ్చిన హిందీ సినిమా ‘ది లంచ్‌బాక్స్’లో, ఇలా అనే గృహిణి భర్తకు పంపే క్యారేజీ డబ్బా పొరపాటున సాజన్ అనే ఉద్యోగికి చేరుతుంది; భర్తకేమో వేరే డబ్బా వెళుతుంది. డబ్బాలో చీటీలు పెట్టుకుంటూ సాజన్, ఇలా దగ్గరవుతారు. ఈ సినిమాలో తిండి గురించి రాయాలంటే రెండు దారులున్నాయి. ఏ వంటకానికి ఏ అర్థమో వెతకడం ఒకటి. ఎవరు వండారు, ఎవరు తిన్నారు, డబ్బా ఎలా తిరిగొచ్చింది అని చూడడం రెండోది.

శ్రమ: వంటకం దారిలో ఒకసారి చూసినా రాయొచ్చు. డబ్బా దారికి కనీసం రెండుసార్లు చూడాలి.

రిస్క్: మొదటి దారిలోనే ఎక్కువ. మనకు ఉప్పు అంటే విశ్వాసం. అదే అర్థం ఇక్కడ అంటగడితే పప్పులో కాలేసినట్టే. సాజన్ ఇలాకు రాసిన మొదటి చీటీలో ఉన్నది కూరలో ఉప్పు ఎక్కువైందన్న ఫిర్యాదే. ఆ తర్వాత ఆమె కారం దట్టిస్తుంది, అతను మంట తగ్గడానికి అరటిపళ్లు తింటాడు. అలక, పలకరింపు అన్నీ ఆ రుచుల్లోనే నడుస్తాయి.

రెండో దారిలో దొరికేది చాలా ఎక్కువ. మొదటి రోజు డబ్బా ఖాళీగా తిరిగొస్తే వండిన ఆమె ముఖం వెలిగిపోతుంది. హోటల్‌లో ఎదురుచూసినా సాజన్ కలవకపోయేసరికి, ఆమె ఖాళీ డబ్బానే పంపుతుంది. అదే డబ్బా, అదే ఖాళీ. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే గుచ్చుకున్నది అదే. భర్త మాత్రం ఆమె వండని ఆలూ గోబీని మెచ్చుకుంటాడు!

పండుగ భోజనమో, పెళ్లి విందో కథకు కేంద్రమైతే వంటకాన్నే చదవండి. ఈ సినిమాలోలా రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లే క్యారేజీ కథైతే, గిన్నెల్లో ఏముందనే దానికంటే మూత తీసిన మనిషి ముఖం చూడండి.