దెయ్యాన్ని ముందే చూపాలా, దాచాలా? మూడు సిరీస్‌ల తొలి ఎపిసోడ్‌లలో ఏది మేలు

దెయ్యాలు, శాపాల కథతో కొత్త సిరీస్ రాగానే అందరూ అడిగేది ఒకటే: భయమేసిందా? ఆ లెక్కన ఎంచుకుంటే మూడో ఎపిసోడ్‌కల్లా విసుగొస్తుంది. చీకట్లో ఒక్కసారిగా సౌండ్ పెంచితే ఎవరైనా ఉలిక్కిపడతారు. మొదటి గంటలో పట్టుకోవాల్సింది ఆ శక్తికున్న కట్టుబాటు. అది ఎవరి జోలికి వస్తుంది, దేనికి లొంగుతుంది? ఎపిసోడ్ అయ్యాక దాన్ని ఒక్క ముక్కలో చెప్పగలిగితే ఆ సిరీస్‌ను నమ్మొచ్చు. మూడు రకాల ఆరంభాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. తొలి ఎపిసోడ్‌ల కథ కొంత బయటపడుతుంది.

2005 సెప్టెంబరులో అమెరికాలో మొదలైన ‘సూపర్‌నేచురల్’ ఏదీ దాచదు. టైటిల్ పడేలోపే పసివాడి గదిలో తల్లి పైకప్పుకు అంటుకుపోయి మంటల్లో కాలిపోతుంది. ఇరవై రెండేళ్ల తర్వాత అన్నదమ్ములిద్దరూ కనిపించకుండా పోయిన తండ్రిని వెతుక్కుంటూ వెళ్లి, దారిలో మగవాళ్లను చంపే తెల్లచీర... కాదు, తెల్లగౌను దెయ్యానికి ఎదురుపడతారు. ‘ఇంటికి వెళ్లలేను’ అన్నది ఆమె మాట. తమ్ముడు శామ్ ఆ మాటనే పట్టుకుని కారును నేరుగా ఆమె పాడుబడ్డ ఇంట్లోకి దూసుకుపోనిస్తాడు. ఇంట్లో ఆమె కోసం ఎవరు కాచుకుని ఉన్నారో చూస్తే, ఆ మాట అరగంట ముందే ఎందుకు చెప్పించారో తెలుస్తుంది. తండ్రి దిగిన మోటెల్ గదిలో నేలమీద ఉప్పు గీత కూడా ఊరికే కనబడదు. తర్వాతి సీజన్‌లన్నింటిలోనూ ఉప్పే వాళ్ల మొదటి కాపలా. లోటల్లా తీరు ఒకటే కావడం: ఊరు, దెయ్యం, పరిష్కారం. చాలా సీజన్‌లలో ఇరవైకి పైగా ఎపిసోడ్‌లు ఉన్నప్పుడు అది తప్పదు.

మన ‘దూత’ (అమెజాన్ ప్రైమ్, 2023 డిసెంబరు 1) దెయ్యం బదులు కాగితాన్ని ముందుకు తెచ్చింది. వానలో దారిపక్క ధాబా దగ్గర పాత్రికేయుడు సాగర్ కంట పాత పేపరు ముక్క ఒకటి పడుతుంది. అందులోని పజిల్ విప్పితే తన కారుకు జరగబోయే ప్రమాదం తేలుతుంది. కాసేపటికి జరుగుతుంది కూడా. మిరపకాయ బజ్జీలు తిన్నాక చేతిలో మిగిలిన పేపరు ముక్క చదవని తెలుగువాడు ఉండడు కాబట్టి ఇది వెంటనే మనకు తగులుతుంది. చవకైన, ఎక్కడైనా దొరికే వస్తువును భయానికి వాడుకోవడం దర్శకుడు విక్రమ్ కె. కుమార్ చేసిన గట్టి పని. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. ముక్క దొరకడం, పరుగెత్తడం, ఆలస్యం కావడం మళ్లీ మళ్లీ జరిగేసరికి ముక్క కనబడగానే ఫలితం ఊహకు అందిపోతుంది. పైగా కంటికి కనిపించినదాన్నే పాత్రలు నోటితో మళ్లీ చెబుతాయి.

మూడోది, 2012లో ఫ్రాన్స్‌లో వచ్చిన ‘లె రెవెనాఁ’. ఘాట్‌రోడ్డు మీంచి బస్సు పడి చనిపోయిన కమీల్ నాలుగేళ్లకు ఏమీ జరగనట్టు ఇంటికొస్తుంది. గాయం లేదు, మెరిసే కళ్లు లేవు. ఆకలేసి వంటింట్లో తిండి వెతుక్కుంటూ ఉంటుంది. చప్పుడు విని వచ్చిన తల్లి కేక పెట్టదు. కేక పెడితే పిల్ల మాయమైపోతుందేమోనన్న భయం ఆమె ముఖంలో కనిపిస్తుంది. పిల్లకేమో తను చనిపోయిన సంగతే తెలియదు. భయం, ఆశ ఒకే ముఖంలో చూపించిన ఈ సన్నివేశం ముందు మిగతా రెండు ఆరంభాలూ చిన్నబోతాయి. తొలి చూపులో నా ఓటు నిస్సందేహంగా దీనికే. కట్టుబాటు కూడా తేటగా ఉంది: పోయినవాళ్లు పోయిన వయసుతోనే వస్తారు, బతికున్నవాళ్లు మాత్రం పెరిగిపోయి ఉంటారు.

మూడింట్లోనూ చీకటి ఎక్కువ కాబట్టి టీవీలో పిక్చర్ మోడ్ ‘సినిమా’కు మార్చి, మోషన్ స్మూతింగ్ (కదలికల్ని అతి నునుపుగా చూపే సెట్టింగ్) ఆపేయండి. లేదంటే రాత్రి దృశ్యాలు స్టూడియోలో తీసిన సీరియల్‌లా కనిపిస్తాయి. ఫోన్‌లో డేటా సేవర్ పెట్టి ‘దూత’ చూస్తే వాన, చీకటి కలిసి నల్లటి గళ్లుగా విరిగిపోతాయి. ‘లె రెవెనాఁ’ను ఫ్రెంచ్ ఆడియో, సబ్‌టైటిల్స్‌తోనే చూడాలి. సగం నటన గొంతు తగ్గించి మాట్లాడటంలోనే ఉంది.

ఇక ఎవరికేది? వారాంతంలో మొదలుపెట్టి కథ ముగింపు చూడాలంటే ‘దూత’ ఎనిమిది ఎపిసోడ్‌లు సరిపోతాయి, శాపానికి మూలమూ తేలుతుంది. రోజుకొకటి భోజనాల తర్వాత చూసేవాళ్లకు ‘సూపర్‌నేచురల్’ నయం. పదిహేను సీజన్‌లని బెదిరిపోనక్కర్లేదు, సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ మొదట అనుకున్న కథ అయిదో సీజన్‌తో పూర్తవుతుంది, అక్కడ ఆపేయొచ్చు. ‘లె రెవెనాఁ’ మొదటి సీజన్ కూడా ఎనిమిదే, కానీ చిక్కుముడులు విప్పకుండానే ముగుస్తుంది. రెండో సీజన్ 2015లో గానీ రాలేదు. జవాబులన్నీ కావాలనుకునేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.