చంద్రపూర్ ఎండల్లో ఈ నీలి సీరం కొనొచ్చా?

ది ఆర్డినరీ అనే కంపెనీ ముఖం మీది ముడతలకని అమ్మే మల్టీ-పెప్టైడ్ ప్లస్ కాపర్ పెప్టైడ్స్ 1% సీరం ఇది, 30 మి.లీ. సీసా. రంగు చూసి మైలుతుత్తం కలిపారేమోనని జంకక్కర్లేదు. గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాల గొలుసు రాగిని పట్టుకుంటే వచ్చే నీలం అది. ఏ కంపెనీది కొన్నా లేబుల్ మీద కాపర్ ట్రైపెప్టైడ్-1 అని ఉందో లేదో చూడండి. నీలం రంగు నీళ్లు ఎవరైనా అమ్మగలరు.

ఈ పెప్టైడ్‌ను 1973లో లోరెన్ పికార్ట్ అనే శాస్త్రవేత్త మనిషి రక్తంలోని ప్లాస్మా నుంచి వేరుచేశాడు. ఇరవై ఏళ్ల వయసులో మిల్లీలీటరుకు సుమారు 200 నానోగ్రాములు ఉండేది అరవై వచ్చేసరికి 80కి పడిపోతుంది. ప్రకటనలన్నీ ఈ అంకెలనే పట్టుకుని వేలాడతాయి. రక్తంలో తగ్గినదాన్ని ముఖానికి పూస్తే వయసు వెనక్కి నడుస్తుందని మాత్రం ఆ అంకెలు చెప్పవు. ల్యాబ్‌లో చర్మకణాలు కొల్లాజెన్ (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్) ఎక్కువ తయారుచేసిన మాట నిజమే కానీ, మనుషుల మీద జరిగినవన్నీ చిన్న పరీక్షలు. రుజువుల విషయంలో రెటినాయిడ్‌దే (రెటినాల్ లాంటి విటమిన్ ఏ రకం మందు) పైచేయి. అందుకే డబ్బు ముందు సన్‌స్క్రీన్‌కు, తర్వాత రెటినాయిడ్‌కు, ఇంకా మిగిలితే దీనికి. మంగుమచ్చల కోసమైతే అసలు కొనకండి, ఇది వాటి మందు కాదు. ఇదే కంపెనీ రాగి లేని పెప్టైడ్ సీరం ఇంతకంటే తక్కువ ధరకే ఇస్తోంది కూడా.

వాడకం రాత్రిపూట. ముఖం కడిగి, తుడిచి, నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని అద్దాలి. రెండు మూడు నిమిషాలు ఆగి పైన మాయిశ్చరైజర్. ఆగకుండా రాస్తే మట్టి నలిచినట్టు ఉండలు రాలతాయి. చాలామంది ఇక్కడే విసుగొచ్చి సీసా పక్కన పడేస్తారు.

అసలు చిక్కు విటమిన్ సీతో. ఆస్కార్బిక్ యాసిడ్ సీరంలు సాధారణంగా పీహెచ్ 3.5కి లోపు ఉంటాయి. అంత పులుపులో పెప్టైడ్ రాగిని వదిలేస్తుంది, వదిలిన రాగి ఆ విటమిన్‌నే ఆక్సీకరణ చేసి పాడుచేస్తుంది. రెండు సీరంల డబ్బులూ ఒకేసారి నీళ్లపాలు. విటమిన్ సీ పొద్దున, ఇది రాత్రి. గ్లైకాలిక్, శాలిసిలిక్ యాసిడ్లు, రెటినాల్ ఉంటే రాత్రి మార్చి రాత్రి వాడుకోండి. ఈడీటీఏ (లోహాలను పట్టుకునే రసాయనం) ఉన్న టోనర్‌ను కింద పూయొద్దు, అది రాగిని లాగేసుకుంటుంది. ఫేస్‌వాష్‌లో ఉంటే కడిగేస్తాం కాబట్టి ఫర్వాలేదు.

ఇక మన ఎండల సంగతి. చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. పార్సిల్ నాగపూర్ నుంచి వచ్చినా, సిరోంచ వాళ్లు మంచిర్యాల వెళ్లి కొనుక్కొచ్చినా, రేకుల గోడౌన్లోనో డిక్కీలోనో ఒక మధ్యాహ్నం ఉడకాల్సిందే. డిసెంబరు, జనవరిల్లో తెప్పించుకోవడం నయం. మూత తీయగానే వెలుతురుకు పట్టి చూడండి: తేట నీలం ఉండాలి. ఆకుపచ్చకో గోధుమరంగుకో తిరిగినా, వాసన మారినా ముఖానికి పూయకుండా వాపసు చేయండి. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో, అట్టపెట్టెతో సహా ఉంచాలి. ఫ్రీజర్‌లో వద్దు.

మి.లీ.కి 20 చుక్కల లెక్కన సీసా సుమారు 150 రాత్రులొస్తుంది. రాత్రి విడిచి రాత్రి వాడితే పది నెలలు. తెరిచిన సీసాను ఎన్ని నెలల్లో ముగించాలో పెట్టె మీది డబ్బా బొమ్మలో ఉంటుంది. ఆలోగా అవ్వదనుకుంటే వదినా మరదళ్లు పంచుకోండి, డ్రాపర్ మాత్రం ముఖానికి తగలనివ్వొద్దు. తేడా కనిపించాలంటే రెండు మూడు నెలలైనా పడుతుంది.

మొదటిసారి మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడండి. రాగి పడనివాళ్లు, విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. పరిశోధనకు మాత్రమే అని రాసి ఆన్‌లైన్‌లో అమ్మే నీలిపొడి సీసాలను ఇంజెక్షన్‌గా గానీ, డెర్మారోలర్ (సన్న సూదుల రోలర్) గుచ్చిన చర్మం మీద గానీ ఎవరూ వాడకూడదు. అందులో ఏముందో, అది శుభ్రమైనదో కాదో చెప్పే నాథుడు లేడు.