చుట్టాల ఊరి విమానాశ్రయం

అండమాన్ అంటే మా శ్రీకాకుళం తీరం వాళ్లకి చుట్టాల ఊరు. వేటకో కూలికో వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబం మా వైపు ప్రతి పల్లెలోనూ ఒకటైనా ఉంటుంది. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మందికి తెలుగే మాతృభాష. మా పిన్ని కూడా వాళ్లలోనే ఉంది, పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ, ఫోన్లో ఆమె ఇప్పటికీ 'పోట్‌బ్లేర్' అనే అంటుంది.

నాయన ఇంతకుముందు ఎప్పుడు వెళ్లినా విశాఖ నుంచి ఓడలోనే. దగ్గర దగ్గర 56 గంటలు పడుతుంది. టికెట్టు చవక, సామానుకి ఇబ్బంది లేదు, కానీ నెలకు ఒకటే ఓడ. డెబ్బై దాటిన మనిషిని అన్ని గంటలు ఊగించడం ఎందుకని ఈసారి విశాఖ నుంచి చెన్నై మీదుగా విమానం ఎక్కించాను. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకే. చక్రాల కుర్చీ కావాలని టికెట్టు కొన్నప్పుడే చెప్పాను. అయినా మధ్యలో దిగినచోట ముప్పావుగంట కూర్చోబెట్టారు. ఆ టెన్షన్‌లో నాయన లేచి నడిచేశాడు.

దిగే ముందు అంతా నీలం, ఉన్నట్టుండి పచ్చటి కొండ. ఇక్కడ రన్‌వేకి ఒక చివర కొండ అడ్డం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 45 దాకా దీవులు జపాన్ చేతిలో ఉన్నప్పుడు, స్థానికులతో వెట్టి చేయించి వేసిన దారి ఇది. ఇప్పటికీ దీన్ని నౌకాదళం, పౌర విమానాలు కలిసి వాడుకుంటాయి. అందుకే కిటికీలోంచి ఫోటోలు తీయొద్దని చెబుతారు, వినండి. ఈ విమానాశ్రయానికి వీర సావర్కర్ పేరు 2002లో పెట్టారు.

కొత్త టెర్మినల్ 2023 జులైలో మొదలైంది. సుమారు 710 కోట్ల ఖర్చు, 28 చెక్-ఇన్ కౌంటర్లు, ఏటా 50 లక్షల మందికి సరిపడే కట్టడం. పైకప్పులోంచి పగటి వెలుగు లోపలికి దిగుతుంది, నాకది బాగా నచ్చింది. ఆల్చిప్ప ఆకారంలో కట్టారని చెబితే, పుట్టినప్పటి నుంచీ సముద్రం చూస్తున్న నాయన తల పైకెత్తి, "సిప్ప ఇంత పెద్దదుంటాదేటి?" అన్నాడు.

బయట పిన్ని ఎదురొచ్చింది. "ఏటి బావా, మొకం అలాగున్నాది?"

"కుర్చీ రానేదే," అన్నాడు నాయన.

పిన్ని ఇల్లు ఇరుకని రెండు రాత్రులు అబర్డీన్ బజార్‌లో లాడ్జి తీసుకున్నాం. వేడినీళ్లు ఉంటాయన్నారు, లేవు. ఐనా చోటు మంచిది. సెల్యులార్ జైలు దగ్గర, భోజనానికి బయటికెళ్తే తెలుగులో అడిగి తినొచ్చు. ఊరు చిన్నది కాబట్టి తిరుగు విమానం పొద్దున్నే అయినా విమానాశ్రయం పక్కన గది కోసం డబ్బు తగలెయ్యక్కర్లేదు. ఆటో ఎక్కేముందే బేరం తెంచుకోండి. చలికాలంలో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. తిరగాల్సినవి పొద్దున్నే పెట్టుకోండి. మూడో రోజు గది ఖాళీ చేసి పిన్ని ఇంటి వరండాలోనే పడుకున్నాం, అదే హాయిగా ఉంది.

సామాను సంగతి. మేం పలాస జీడిపప్పు ఐదు కిలోలు, ఆవకాయ సీసాలు తీసుకెళ్లాం. ఆవకాయ చేతి సంచిలో పెట్టకండి, తనిఖీలో తీయించేస్తారు. తిరుగు ప్రయాణంలో బీచ్‌లో ఏరిన పగడపు ముక్కలు అసలే వద్దు, చట్టరీత్యా నేరం. మా అమ్మాయి సంచి అడుగున ఒకటి దొరికితే బయల్దేరే ముందే తీయించి పిన్ని చేతిలో పెట్టాం.

పిన్ని సంక్రాంతికి వస్తోంది, ఓడలోనే. మేమిచ్చిన జీడిపప్పు డబ్బాల నిండా ఎండుచేపలు పోసి తెస్తుందట.