మాస్ స్పెక్ కాన్ఫరెన్స్: షార్ట్ కోర్సుకి ఫుల్ మార్కులు, మెయిన్ హాల్‌కి పాస్ మార్కులే

మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల్ని అయాన్లుగా మార్చి వాటి మాస్ కొలిచే పద్ధతి, మా భాషలో మాస్ స్పెక్) సొసైటీ వాళ్ళ జాతీయ కాన్ఫరెన్స్‌కి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నా. ల్యాబ్‌లో మెషీన్ మీద మీరే శాంపిల్స్ నడుపుతున్నట్టయితే తప్పకుండా వెళ్ళండి, అది కూడా ముందు జరిగే షార్ట్ కోర్సుతో కలిపి రిజిస్టర్ అవ్వండి. సీవీలో ఒక లైన్ కోసమైతే మీ ఇష్టం.

షార్ట్ కోర్స్ అసలు హైలైట్. చెప్పినాయన థియరీ జోలికే పోకుండా ఖాళీ సాల్వెంట్ రన్ స్పెక్ట్రమ్ (ఏ మాస్ దగ్గర ఎంత సిగ్నల్ వచ్చిందో చూపే గ్రాఫ్) ఒకటి తెర మీద పెట్టి, ఇందులో శాంపిల్ లేదు కదా మరి ఈ పీకులన్నీ ఎవరివండీ అని అడిగాడు, హాలంతా సైలెంట్. మాస్ 391 దగ్గర పీక్ ప్లాస్టిక్ సామాన్లోంచి వచ్చే థాలేట్, 371, 445 సిలికోన్లు, అవి గాల్లోంచి కూడా వచ్చేస్తాయి, ఇక 44 తేడాతో మెట్లు మెట్లుగా కనిపిస్తే పాలీఇథిలీన్ గ్లైకాల్, ముందు గ్లాస్‌వేర్ కడిగిన డిటర్జెంట్‌ని అనుమానించండి అన్నాడు. తర్వాత నైట్రోజన్ రూల్ (అణువులో నైట్రోజన్లు సరిసంఖ్యలో ఉంటే మాస్ సరిసంఖ్య, బేసి అయితే బేసి) కూడా కెఫీన్‌తో తేల్చేశాడు, నైట్రోజన్లు నాలుగు కాబట్టి మాస్ సరిసంఖ్య 194, ఎలక్ట్రోస్ప్రేలో (హై వోల్టేజ్‌తో ద్రవాన్ని తుంపరలుగా చిమ్మి అయాన్లు చేసే పద్ధతి) ప్రోటాన్ తగులుకుంటుంది కాబట్టి మనకి కనిపించేది 195, అంతే. సెమిస్టర్ మొత్తం చెప్పినా ఎక్కనిది అక్కడ గంటలో ఎక్కేసింది.

మెయిన్ హాల్ సంగతి వేరు. ప్లీనరీల్లో (అందరూ కలిసి వినే పెద్ద ఉపన్యాసాల్లో) సగం టైమ్ థామ్సన్ నియాన్‌ని మాస్ 20, 22 ఐసోటోపులుగా విడదీయడం, తర్వాత ఆస్టన్ కట్టిన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్, పెద్ద అణువుల్ని అయాన్లుగా మార్చినందుకు 2002లో ఫెన్, తనాకాలకి నోబెల్, ఇవన్నీ వచ్చినవాళ్ళకి తెలిసినవే, మళ్ళీ మళ్ళీ ఎందుకో. మధ్యమధ్యలో కంపెనీల వాళ్ళ టాక్స్, మా సెన్సిటివిటీ ఇన్ని రెట్లు పెరిగింది అంటారు, రక్తపు ప్లాస్మాలోనా లేక ఉత్త సాల్వెంట్లోనా అని ఒకావిడ అడిగితే టాక్ అయ్యాక మాట్లాడుకుందాం అన్నారు. అది మాత్రం భలే ఉంది.

క్లినికల్ సెషన్ బాగుంది. పుట్టిన పిల్లల మడమ నుంచి తీసిన రక్తం చుక్కని కాగితం మీద ఆరబెట్టి, పీకేయూ అనే పుట్టుకతో వచ్చే జబ్బు పట్టుకోవడానికి ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆసిడ్‌ని 166 నుంచి 120కి పడే ట్రాన్సిషన్‌లో (మాస్ 166 అయాన్ విరిగి 120 ముక్క ఇవ్వడం) కొలుస్తారు, ఒక్క దాని విలువ చూసి కంగారు పడకుండా టైరోసిన్ అనే మరో అమైనో ఆసిడ్‌తో నిష్పత్తి కూడా చూస్తే తప్పుడు పాజిటివ్‌లు తగ్గుతాయని చక్కగా విడమరిచి చెప్పారు. కాకపోతే అదే టైమ్‌కి పక్క హాల్లో పురుగుమందుల అవశేషాల సెషన్ పెట్టారు, ట్రిపుల్ క్వాడ్ (ఇలాంటి ట్రాన్సిషన్లు కొలిచే మెషీన్) వాడేవాళ్ళకి రెండూ కావాలి, ఈ షెడ్యూల్ వేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

పోస్టర్ల దగ్గర మాత్రం ఎంతసేపున్నా తనివి తీరలేదు. ఒక రీసెర్చ్ స్కాలర్ మ్యాట్రిక్స్ ఎఫెక్ట్ (శాంపిల్లోని మిగతా పదార్థాలు మనం కొలిచేదాని సిగ్నల్‌ని మార్చేయడం) మీద పెట్టిన పోస్టర్ నాకు బాగా నచ్చింది. కాలమ్ (శాంపిల్లోని పదార్థాల్ని విడదీసే గొట్టం) తర్వాత టీ జాయింట్ పెట్టి మందుని నిలకడగా పంపిస్తూ, పైనుంచి మందు లేని ప్లాస్మా ఎక్స్‌ట్రాక్ట్ ఇంజెక్ట్ చేశాడు, నున్నగా పోతున్న గీత ఒక్కచోట గుంటలా పడిపోయింది. అదే టైమ్‌లో మాస్ 184 చానల్ చూస్తే ఫాస్ఫోలిపిడ్లు (రక్తంలోని ఒకరకం కొవ్వులు) దిగుతున్నాయి, అంటే మన సిగ్నల్‌ని నొక్కేసేది అవే. గ్రేడియెంట్ (కాలమ్‌లోకి పోయే సాల్వెంట్ల పాళ్ళు మారే తీరు) కొంచెం మార్చి తన పీక్‌ని ఆ గుంటలోంచి బయటికి లాగాడు. ఇంత మంచి పనికి ఓరల్ టాక్ ఇవ్వకుండా సరైన లైటు కూడా లేని కారిడార్ చివర్లో పడేశారు, పైగా సెషన్ అవ్వగానే పోస్టర్లు పీకేయమన్నారు, ఫొటో తీసుకోవడానికి కూడా టైమ్ చాల్లేదు.

స్టాల్స్ విషయంలో ఒక చిట్కా. ముందు నిలబడి బ్రోషర్లు పంచేవాళ్ళని దాటుకుని వెనకాల కూర్చున్న సర్వీస్ ఇంజనీర్‌ని పట్టుకోండి. మీ మెషీన్ వాక్యూమ్ రీడింగులు, ట్యూన్ రిపోర్ట్, అనుమానమున్న బ్యాక్‌గ్రౌండ్ పీకుల స్క్రీన్‌షాట్లు ఫోన్లో వేసుకెళ్ళండి, రెండో రోజు మధ్యాహ్నానికి వాళ్ళ దగ్గర జనం పల్చబడతారు, అప్పుడు వెళ్తే కూర్చోబెట్టి మరీ చెప్తారు.